పుంజు పొగరు... పెరట్లో పోరు!

పొద్దున్నే గంప ఎత్తి కోళ్లను వదలగానే పుంజు మీ కాళ్లకు అడ్డం పడుతోందా? చేతిలో చీపురు లేనిదే ఆడవాళ్లు పెరట్లోకి అడుగు పెట్టలేకపోతున్నారా? నిన్నటిదాకా అరచేతిలో నూకలు తిన్న పుంజు ఇవాళ అదే చేతిని పొడుస్తోందా? అయితే ఈ నాలుగు మాటలూ మీ కోసమే. ఇలాంటి పుంజును చూసి ఒకరు దిష్టి తగిలిందంటారు, ఇంకొకరు పిచ్చి పట్టిందంటారు, మూడో ఆయన పొగరెక్కిందంటాడు. మూడో ఆయన మాటే నిజానికి దగ్గర. ఆ పొగరు ఎక్కడ పుడుతుందో, ఏ రోజుల్లో పెరుగుతుందో తెలిస్తే అదుపులో పెట్టడం ఏమంత కష్టం కాదు. అదుపు కాని పుంజు కూడా ఒక్కోటి ఉంటుంది. దాని సంగతీ చెబుతాను.

ముందు మా ఇంటి ముచ్చట. రైతులకు కోళ్ల గురించి రాసేవాడి ఇంట్లోనే ఇది జరిగింది కనుక దాచుకుంటే బాగుండదు. కొన్నేళ్ల కిందట మా నాటుపెట్ట దింపిన పిల్లల్లో గద్ద తన్నుకుపోగా, పిల్లి పట్టుకుపోగా ఒక్కటే మిగిలింది. తల్లి కూడా చచ్చిపోయింది. ఆ ఒక్కగానొక్క పిల్లను వంటింట్లో అట్టపెట్టెలో పెట్టి పెంచాం. అది పుంజయింది. సాయంత్రం ఇంటికి రాగానే అరచెయ్యి దాని ముందు ఆడించి ‘పొడు, పొడు’ అనేవాణ్ణి. అది ఎగిరి తన్నేది. ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లం. దానికి ఏడో నెల వచ్చింది. సంక్రాంతి వెళ్లిన పది రోజులకు, మా చిన్నమ్మాయి గడప మీద కూచుని జంతిక తింటుంటే ఎగిరి మొహం మీద తన్నింది. అమ్మాయికి అప్పుడు నాలుగేళ్లు. కాలి ముల్లు కంటికి వేలెడు కింద దిగింది. రెండు కుట్లు పడ్డాయి. ‘ఇంకాస్త పైన అయితే కన్నే పోయేది’ అన్నాడు డాక్టరు. నేను కర్ర పుచ్చుకుని పుంజు వెంట పడితే మా అమ్మ అడ్డొచ్చింది. ‘దాన్నెందుకురా కొడతావ్? రోజూ తన్నమని నేర్పింది నువ్వేగా!’ అంది. నా దగ్గర జవాబు లేదు. అమ్మాయి బుగ్గ మీద ఆ గాటు ఇప్పటికీ ఉంది.

పొగరు పుట్టేది కడుపులో

పుంజుకు వృషణాలు బయటికి కనిపించవు. పొట్ట లోపల, వెన్నెముకను ఆనుకుని, మూత్రపిండాల దగ్గర ఉంటాయి. నాటుకోళ్లలో అయిదారు నెలల వయసు వచ్చేసరికి అవి బాగా ఎదిగి టెస్టోస్టిరాన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. తలమీద జుట్టు ఎర్రగా పెరగడం, కూత బలంగా రావడం, పెట్టల వెంట పడటం, తోటి పుంజును తరమడం అన్నీ దాని మహిమే. మన ఇళ్లలో ఈడొచ్చిన కోడెదూడ కొమ్ము విసరడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

ఈ రహస్యాన్ని ప్రపంచానికి తెలియజెప్పింది కూడా కోడిపుంజే. 1849లో జర్మనీలోని గొట్టింగెన్‌లో బెర్తోల్డ్ అనే శాస్త్రవేత్త ఆరు పుంజు పిల్లలకు వృషణాలు తీసేశాడు. కొన్నింటిని అలాగే వదిలేశాడు. అవి పెరిగాక కూత సరిగా లేదు, జుట్టు పెరగలేదు, పోట్లాట ఊసే లేదు. మిగతావాటికి తీసిన వృషణాన్నే మళ్లీ పొట్టలో మరోచోట పెట్టాడు. అవి మాత్రం మామూలు పుంజుల్లాగే కూశాయి, కుమ్ముకున్నాయి. వృషణం నుంచి ఏదో పదార్థం రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతోందని అలా బయటపడింది. హార్మోను అన్న పేరు పుట్టక యాభై ఏళ్ల ముందు మాట ఇది. ఇది చదివి ఎవరూ ఇంట్లో కత్తి పట్టుకోవద్దు. వృషణాలు పొట్టలోపల ఉంటాయి గనుక కోడెను కొట్టించినట్లు పుంజును కొట్టించడం కుదరదు. అది పొట్ట కోసి చేసే ఆపరేషను. చెయ్యి కాస్త తప్పితే పెద్ద రక్తనాళం తెగి పుంజు పోతుంది.

ఇక కాలం సంగతి. హార్మోను ఏడాది పొడుగునా ఒకే తీరున ఉండదు. పగటి పొద్దు పెరిగేకొద్దీ పెరుగుతుంది. మన ప్రాంతంలో డిసెంబరు చివర పగలు సుమారు 11 గంటలుంటే, జూన్ చివరికి 13 గంటలు దాటుతుంది. పెరిగే వెలుగును కోడి కంటితోనే కాదు, పుర్రె గుండా మెదడుకు చేరే కాంతితో కూడా పసిగడుతుంది. అందుకే సంక్రాంతి వెళ్లాక పుంజుల్లో ఊపు మొదలవుతుంది. మా పుంజు తన్నింది కూడా సరిగ్గా అప్పుడే. వానాకాలం వెళ్లి పొద్దు తగ్గి, కోళ్లు ఈకలు రాల్చే రోజుల్లో అదే పుంజు సాధువులా తిరుగుతుంది. కోళ్ల గూటి మీద రాత్రంతా బల్బు వెలుగుతుంటే పుంజుకు అదీ పగలే. పిల్లి భయానికి బల్బు వేసేవాళ్లు గూడు తలుపు గట్టిది పెట్టించుకుని బల్బు తీసేయడం మేలు.

మధ్యలో ఒక హెచ్చరిక. రోజూ మీద పడే పుంజు ఉన్నట్టుండి నెమ్మదిస్తే ‘హమ్మయ్య, దారికొచ్చింది’ అనుకోవద్దు. మెడ వాల్చి, రెక్కలు జార్చి, ఆకుపచ్చగా తెల్లగా పారుతుంటే అది కొక్కెర తెగులు కావచ్చు. వెంటనే విడిగా పెట్టి పశువుల ఆసుపత్రిలో చెప్పండి.

పెట్టలెన్ని, పుంజులెన్ని?

పెరటి పోరుకు సగం కారణం లెక్క తప్పడమే. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలు. కానీ మన పెరళ్లలో ఏముంటాయి? ఆరు పెట్టలు, నాలుగు పుంజులు! రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ లాంటి పిల్లలను ఆడా మగా వేరు చేయకుండా తెచ్చుకున్నా, ఇంటి పెట్ట పిల్లలను దింపినా సుమారు సగం పుంజులే అవుతాయి. వాటిని ‘పండక్కి పనికొస్తాయి’ అని అలాగే ఉంచుతారు. ఒకదాన్నొకటి తరుముతాయి, చేతకానివి మనుషుల మీద, పిల్లల మీద కసి తీర్చుకుంటాయి. ఇక పెట్టల పాట్లు చెప్పనలవి కాదు. వీపు మీద, తల వెనక ఈకలు ఊడి ఎర్రగా కనిపించే పెట్టను చూశారంటే ఆ పెరట్లో పుంజులు ఎక్కువన్నమాటే. అలాంటి పెట్ట గుడ్డు తగ్గిస్తుంది. నాలుగైదు నెలల వయసులో, కూత నేర్చే సమయానికే మంచిదొకటి ఉంచుకుని మిగతావి మాంసానికి అమ్మేయండి. ఆ తర్వాత మేపే గింజలకు వచ్చే బరువు తక్కువ, తెచ్చే తగాదా ఎక్కువ.

ఇంకో మాట చాలామంది నమ్మరు. గుడ్లు తినడానికీ అమ్ముకోవడానికీ మాత్రమే అయితే పుంజు అసలే అక్కర్లేదు. పుంజు లేకున్నా పెట్ట గుడ్డు పెడుతుంది. పొదగడానికి వేసే గుడ్లకే పుంజు కావాలి. ఆ పనికీ అది రోజంతా పెరట్లో తిరగాల్సిన పని లేదు. ఒకసారి కలిస్తే పుంజు వీర్యం పెట్ట కడుపులో కనీసం వారం రోజులు నిలవ ఉండి, వచ్చే గుడ్లను పిల్లలయ్యేలా చేస్తుంది. అంటే దుడుకు పుంజును మామూలు రోజుల్లో కంచె కట్టిన మూలన విడిగా ఉంచి, వారానికి రెండు రోజులు, పిల్లలు బడికి వెళ్లాక సాయంత్రందాకా పెట్టల్లోకి వదిలినా పని జరిగిపోతుంది. అయితే గంప కింద రోజుల తరబడి కప్పెట్టకండి. నీళ్లు, నీడ, తిరగను జాగా ఉండాలి.

రెండు పుంజులు తప్పనిసరైతే ఒకే జట్టులో కలిసి పెరిగినవి ఉంచండి. ఎవరు పెద్దో చిన్నప్పుడే తేల్చుకుంటాయి. ఎదిగిన కొత్త పుంజును పట్టపగలు తెచ్చి పాతదాని ముందు వదిలితే రక్తం కళ్లజూడాల్సిందే. పెద్ద పుంజును అమ్మితే రెండోది మరుసటి వారమే పెద్దరికం తీసుకుంటుందని కూడా గుర్తుంచుకోండి. జపాను శాస్త్రవేత్తలు 2015లో ఒక తమాషా సంగతి ప్రకటించారు. తెల్లవారుజామున ముందు కూసేది ఎప్పుడూ గుంపులో పెద్ద పుంజేనట, మిగతావి దాని తర్వాత వరసగా కూస్తాయట. రేపు పొద్దున్నే మంచం మీదే ఉండి చెవి పెట్టి వినండి, మీ పెరటి పెత్తందారు ఎవరో తెలిసిపోతుంది.

మీద పడ్డప్పుడు ఏం చేయాలి?

పుంజు చెప్పకుండా తన్నదు. ముందు మెడ ఈకలు నిక్కబొడుచుకుంటాయి. ఒక రెక్క నేలకు జార్చి పక్కపక్కగా అడుగులు వేస్తూ మీ చుట్టూ తిరుగుతుంది. గింజ లేకున్నా నేలను పొడుస్తున్నట్టు నటిస్తుంది. ఆ తర్వాతే ఎగురుతుంది. ఈ గుర్తులు ఇంట్లో పిల్లలకు కూడా నేర్పండి.

అప్పుడు మనం చేసే తప్పులు రెండు. ఒకటి, పరుగెత్తడం. మనిషి పరుగెడితే తాను గెలిచానని పుంజు లెక్క. రేపు మరింత ధైర్యంగా వస్తుంది. రెండోది, కర్రతో కొట్టడం, కాలితో తన్నడం. కొడితే బుద్ధి వస్తుందనుకుంటాం గానీ, దాని దృష్టిలో మీరు పోటీకి దిగిన ఇంకో పుంజు. దెబ్బ తిన్న పుంజు కొన్నాళ్లు మీకు భయపడి, మీ ఇంట్లో చిన్నవాళ్ల మీద పడుతుంది. కొట్టినవాడు క్షేమం, పిల్లవాడికి గాయం. ఇదెక్కడి న్యాయం?

చేయాల్సింది ఇది. కదలకుండా దాని వైపు తిరిగి నిలబడండి. చేతిలో చేటో పళ్లెమో ఉంటే కాళ్లకు అడ్డం పెట్టండి. అది తగ్గాక నెమ్మదిగా పక్కకు నడవండి. చీకటి పడ్డాక గూట్లో పుంజుకు సరిగా కన్ను కనపడదు, గొడవ చేయదు. అప్పుడు రెండు చేతులతో రెక్కలు కలిపి పట్టి ఎత్తుకుని చంకలో పెట్టుకోండి. అది గింజుకోవడం మానేదాకా, ఒళ్లు వదులు చేసేదాకా పది నిమిషాలు అలాగే తిరగండి. గింజుకుంటున్నప్పుడు మాత్రం దింపొద్దు, గింజుకుంటే వదిలేస్తారని నేర్చుకుంటుంది. కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయడం మంచిది కాదు. ఇలా రోజూ రెండు మూడు వారాలు చేస్తే చాలా పుంజులు మనిషిని పోటీదారుగా చూడటం మానేస్తాయి. మా వీధిలో ఒక పెద్దమ్మ ఇలాగే చంకలో పుంజును పెట్టుకుని అరుగు మీద కూచునేది. ‘ఏం అబ్బాయ్, మనవణ్ణి ఎత్తుకున్నానని నవ్వుతున్నావా? వీడు మా కోడల్ని ఇల్లు కదలనీయలేదు. ఇప్పుడు చూడు’ అంది. నవ్విన మాట నిజమే. తర్వాత నేనూ ఎత్తుకున్నాను.

గింజలు ఒకేచోట పోయకుండా రెండు మూడు చోట్ల చల్లండి. పుంజు చూస్తుండగా పెట్టను తటాలున పట్టుకోవద్దు. అది అరిస్తే పుంజు ఊరుకోదు. అలా అడ్డొచ్చే పుంజు నిజానికి తన పని తాను చేస్తున్నట్టు. గద్ద వస్తే మొదట కేక పెట్టేదీ అదే. పెట్టను పట్టాలంటే రాత్రి గూట్లో పట్టండి.

ఇక కాలి ముల్లు. గాయం చేసేది ముఖ్యంగా అదే. పైన గోరు లాంటి పొర, లోపల ఎముక, రక్తం ఉంటాయి. కొందరు మొదలంటా కోసేస్తారు. అది తప్పు. మొన వరకు మాత్రమే ఆకురాయితో అరగదీసి మొద్దు చేయండి. నెలా రెండు నెలలకోసారి చూసుకోవాలి. ముక్కును వేడి కత్తితో కాల్చే పని ఇళ్లలో అసలే చేయకూడదు.

ముద్దు చేస్తే మొద్దవదు

పుంజు పిల్లను ఒంటరిగా చేతుల్లో పెంచితే అది మచ్చిక అవుతుందని అనుకుంటాం. అవుతుంది, ఈడొచ్చేదాకా. ఈడొచ్చాక మనుషులను తన జాతే అనుకుని పోటీకి దిగుతుంది. తోటి పిల్లల్లో, పెట్టల మధ్య పెరిగింది అయితే తన హద్దు తెలుసుకుని ఉంటుంది. రామచిలుకను పంజరంలో పెంచిన వాళ్లూ ఇదే బాధ చెబుతారు. పిల్లగా ఉన్నప్పుడు భుజం మీద కూచున్నది, మెడకు గులాబీ పట్టె వచ్చే వయసుకు వేలు కరుస్తోందంటారు. కారణం ఇదే. అయితే రామచిలుకను పట్టి పంజరంలో పెట్టడమే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. దాన్ని మచ్చిక చేసే ఉపాయాలు ఇక్కడ రాయను. ఇంట్లో ఉంటే అటవీ శాఖ వారికి అప్పజెప్పండి.

పుంజును రెచ్చగొట్టి ఆనందించే అలవాటు మన ప్రాంతంలో ఎక్కువ. అసీల్ జాతిని తరతరాలుగా పోరాటం కోసమే ఏరి పెంచారు. ఆ పుంజును ఇంటి పెట్టలకు వదిలితే పిల్లల్లోనూ దుడుకు దిగుతుంది. పందేల గురించి వేరే చెప్పక్కర్లేదు. 1960 జంతుహింస నిరోధక చట్టం వాటిని ఒప్పుకోదు. 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా లొత్తునూరులో పందేనికి కత్తి కట్టిన పుంజు గింజుకోగా ఆ కత్తి తగిలి దాన్ని తెచ్చిన మనిషే ప్రాణం పోగొట్టుకున్నాడు.

కత్తి లేని పుంజు కూడా ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది. ఆస్ట్రేలియాలో గుడ్లు ఏరుతున్న ఒక ముసలామెను పుంజు పిక్క మీద పొడిచింది. ఆమెకు కాలి నరాలు ఉబ్బి ఉన్నాయి. ఆ నరం తెగి, రక్తం ఆగక చనిపోయింది. అక్కడి డాక్టర్లు 2019లో ఈ సంగతి వైద్య పత్రికలో రాశారు. పొలాల్లో ఏళ్ల తరబడి నిలబడి పని చేసి పిక్కల మీద నరాలు మెలికలు తిరిగిన వాళ్లు మన ఇళ్లలో ఎంతమంది లేరు? అలాంటి వాళ్లను దుడుకు పుంజున్న పెరట్లోకి ఒట్టి కాళ్లతో పంపకండి. నరం తెగితే పడుకోబెట్టి, కాలు ఎత్తి పెట్టి, శుభ్రమైన గుడ్డతో ఆ చోట గట్టిగా అదిమి పట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మామూలు గాయమైతే సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో బాగా కడగండి. పేడ, సున్నం, కిరసనాయిలు పూయొద్దు. కోళ్లు తిరిగే నేలలో ధనుర్వాతం క్రిములుంటాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇంజక్షను వేయించుకోండి. కోడి పొడిస్తే కుక్కకాటు జబ్బు వస్తుందేమోనన్న భయం అక్కర్లేదు, అది పక్షుల నుంచి రాదు. కంటి దగ్గర తగిలితే మాత్రం గీతంత గీరుకున్నా డాక్టరుకు చూపించాల్సిందే.

ఉంచాలా, తీసేయాలా?

ఎత్తుకుని తిప్పారు, విడిగా ఉంచారు, ముల్లు అరగదీశారు. నెల దాటినా పిల్లలను చూస్తే చాలు మొహానికి ఎగురుతోంది. ఇక ఆలోచించొద్దు, తీసేయండి. ‘మూడు కిలోల పుంజు, చూడముచ్చటైన రంగు’ అని మనసు పీకుతుంది. నిజమే. కానీ పుంజు మళ్లీ దొరుకుతుంది, కన్ను దొరకదు. దాని గుడ్లు పొదగేయకండి కూడా, ఆ గుణం పిల్లలకు దిగుతుంది. అమ్మితే మాంసానికే అమ్మండి. పెంచుకుంటామని వచ్చిన వాళ్లకు దాని గుణం చెప్పకుండా అంటగడితే రేపు వాళ్లింట్లో పిల్లకు తగులుతుంది. మా పుంజును నేను వారంలోనే అమ్మేశాను. కొన్నాయనకు అమ్మాయి బుగ్గ చూపించి మరీ అమ్మాను.

కొత్త పుంజును కొనేటప్పుడు తూకం, రంగు చూస్తాం గానీ గుణం చూడం. వీలైతే సంతలో కాకుండా అమ్మేవాళ్ల ఇంటికే వెళ్లి కొనండి. మేత వేసే వేళకు వెళ్లండి. ఆ ఇంటి పిల్లలు కోళ్ల మధ్య ఎలా తిరుగుతున్నారో చూడండి. పిల్లలు పుంజును చూసి దారి మళ్లుతుంటే మీరూ మళ్లిరండి. మా పెరట్లో ఇప్పుడున్న పుంజును అలా చూసే తెచ్చాం. దాని కాళ్ల దగ్గరే ఆ ఇంటి మనవడు గోళీలాడుతున్నాడు. మా అమ్మాయి రోజూ గుడ్లు ఏరుకొస్తోంది, ఇప్పటిదాకా ఒక్కసారి కూడా మీద పడలేదు. మా అమ్మ మాత్రం పెరట్లోకి దిగేటప్పుడు చేట అడ్డం పెట్టుకునే దిగుతుంది.